‘ఐ లవ్ లూసీ’ మొదటి సీజన్: అపోహలు - వాస్తవాలు

మల్టీ కెమెరా (ఒకే సన్నివేశాన్ని పలు కెమెరాలతో ఏకకాలంలో తీసే) హాస్య ధారావాహికలకు ఎడిటింగ్ చేసేవారికి అమెరికన్ టీవీ ధారావాహిక ‘ఐ లవ్ లూసీ’ మొదటి సీజన్ పెద్దబాలశిక్ష వంటిది. 1951 అక్టోబరు 15న సీబీఎస్ టీవీ నెట్‌వర్క్‌లో మొదలై 1952 జూన్‌లో ముగిసిన ఆ 35 ఎపిసోడ్లను వృత్తిలోకి వచ్చిన కొత్తలో ఒకసారి, ఈ మధ్య మరోసారి వరుసగా చూశాను. నేను సైతం చాలాకాలం నమ్మిన కొన్ని మాటలు నిలబడవని రెండోసారి చూశాకే అర్థమైంది.

అపోహ: మూడు కెమెరాల పద్ధతిని ఈ కార్యక్రమమే కనిపెట్టింది.

వాస్తవం: అంతకుముందే నిర్మాత జెర్రీ ఫెయిర్‌బ్యాంక్స్ టెలివిజన్ కోసం పలు ఫిల్మ్ కెమెరాలను ఏకకాలంలో నడిపాడు. ‘ట్రూత్ ఆర్ కాన్సీక్వెన్సెస్’ అనే ఆటల కార్యక్రమాన్ని కూడా అదే తరహాలో తీశారు. ఆ అనుభవం ఉన్న అల్ సైమన్‌నే ‘ఐ లవ్ లూసీ’ని నిర్మించిన దేసిలూ సంస్థ పనిలోకి తీసుకుంది. లూసీ బృందం సాధించినది కనిపెట్టడం కన్నా కష్టమైన పని: అరగంట నాటకాన్ని, ప్రేక్షకుల ఎదుట, 35 మిల్లీమీటర్ల ఫిల్మ్‌పై, వారం వారం సినిమా నాణ్యతతో తీయడం. దీపాలను షాట్ షాట్‌కూ సర్దుకునే వీలు లేనందున, జర్మనీలో ‘మెట్రోపొలిస్’ సినిమాను చిత్రీకరించిన ఛాయాగ్రాహకుడు కార్ల్ ఫ్రూండ్ వెలుగును పైనుంచి సమంగా పరచి, సెట్లకు బూడిద రంగులోని వేర్వేరు ఛాయలు వేయించి తెరపై తేడాలను రాబట్టాడు. ఇక మూడు కెమెరాల రీళ్లనూ శబ్దాన్నీ ఒకేసారి నడిపి చూసేందుకు ఎడిటర్ డాన్ కాన్ వాడిన మూవియోలాకు (ఫిల్మ్‌ను చూస్తూ కోసే ఎడిటింగ్ యంత్రానికి) ‘మూడు తలల రాక్షసి’ అన్న పేరే స్థిరపడింది. ఈ రోజు ఒకే తెరపై మూడు కోణాలను పక్కపక్కన పెట్టుకుని కోస్తున్న ప్రతిసారీ నాకు ఆ యంత్రమే గుర్తుకు వస్తుంది.

అపోహ: పునఃప్రసారాలను ముందే ఊహించి ఫిల్మ్‌ను ఎంచుకున్నారు.

వాస్తవం: అసలు కారణం భౌగోళికమైనది. ప్రాయోజకులైన ఫిలిప్ మారిస్ కంపెనీవారు కార్యక్రమం న్యూయార్క్ నుంచి ప్రత్యక్షంగా రావాలన్నారు, ఎందుకంటే టెలివిజన్ ఉన్న ఇళ్లు ఎక్కువగా అమెరికా తూర్పు ప్రాంతంలోనే ఉండేవి. హాలీవుడ్ నుంచి ప్రత్యక్షంగా చేస్తే ఆ ఇళ్లకు చేరేది తెరను ఫిల్మ్‌పై పట్టిన మసక ప్రతి మాత్రమే. ప్రధాన పాత్రలు పోషించిన లూసిల్ బాల్, డెజీ ఆర్నాజ్ దంపతులు హాలీవుడ్ విడిచి వెళ్లడానికి ఇష్టపడలేదు. ఫిల్మ్‌కు అయ్యే అదనపు ఖర్చు కోసం పారితోషికం తగ్గించుకుని, అందుకు బదులుగా ఎపిసోడ్లపై యాజమాన్యం తీసుకున్నారు. ఆ హక్కు విలువ తర్వాతే లోకానికి తెలిసింది.

అపోహ: వినిపించే నవ్వులు డబ్బాలోవి, అంటే ముందే రికార్డు చేసి కలిపినవి.

వాస్తవం: స్టూడియోలో సుమారు 300 మంది కూర్చుని నవ్విన నవ్వులవి. అవి ఒక్కోసారి ఎగసి, ఒక్కోసారి మధ్యలోనే అణగిపోతాయి. నటులు కూడా వాటి కోసం ఆగుతారు. కోత ఎక్కడ పడాలో ఆ నవ్వే నిర్ణయిస్తుంది.

అపోహ: చాక్లెట్ ఫ్యాక్టరీ సన్నివేశం, హృదయాకారపు టైటిల్ మొదటి సీజన్‌లోవే.

వాస్తవం: చాక్లెట్ ఎపిసోడ్ 1952 సెప్టెంబరులో, రెండో సీజన్ ఆరంభంలో వచ్చింది. హృదయాకారపు టైటిల్ తర్వాతి ప్రసారాల కోసం చేర్చినది. తొలినాళ్లలో కనిపించినవి దంపతుల కార్టూన్ బొమ్మలు, వాటితో పాటు ప్రాయోజకుల సిగరెట్ పెట్టె.

అపోహ: మొదటి ఏడాదే అగ్రస్థానం దక్కింది.

వాస్తవం: ప్రేక్షకాదరణను లెక్కించే నీల్సన్ సంస్థ 1951-52 జాబితాలో దానిది మూడో స్థానం.

అపోహ: లూసీ పాత్రలో లూసిల్ బాల్ అప్పటికప్పుడు కల్పించుకుని నటించేది.

వాస్తవం: నన్ను అన్నిటికన్నా బాధించే అపోహ ఇదే, ఎందుకంటే ఇది రచయితల శ్రమను, ఆమె సాధనను ఒకేసారి తుడిచివేస్తుంది. జెస్ ఓపెన్‌హైమర్, మాడెలిన్ పియూ, బాబ్ క్యారల్ జూనియర్ ముగ్గురూ అంతకుముందు ఆమె నటించిన ‘మై ఫేవరెట్ హజ్బెండ్’ రేడియో ధారావాహికకు రాసినవారే. మొదటి సీజన్ కథల్లో కొన్ని ఆ రేడియో కథల నుంచే పుట్టాయి. 1952 మే 5న ప్రసారమైన, మద్యం కలిసిన టానిక్‌ను లూసీ తాగుతూ ప్రకటన చెప్పే ఎపిసోడ్‌ను ఒకసారి ఆపి ఆపి చూడండి. ఒకే ప్రకటనను ఆమె మళ్లీ మళ్లీ చెబుతుంది. ప్రతిసారీ మరి కాస్త మద్యం తలకెక్కుతుంది. మాటలు ఒక వరుసలో తారుమారవుతాయి. ఏ పదం ఎన్నోసారి ఎలా తప్పాలో ముందే రాసి ఉంటే తప్ప, వారమంతా సాధన చేసి ఉంటే తప్ప ఆ మత్తు అంత మెట్లుమెట్లుగా పెరగదు. అందుకే ఎడిటింగ్ అక్కడ చాలా తక్కువగా జోక్యం చేసుకుంటుంది: చెంచా, సీసా, ఆమె ముఖం ఒకే చట్రంలో ఉంచి, ఆమె పూర్తి చేసేదాకా షాట్‌ను అలాగే నిలిపి ఉంచుతుంది.