లేబుల్ మీద జేమ్స్ బ్రౌన్, లోపల బప్పీ లహరి

పోయిన దసరాకి అక్కావాళ్లింట్లో సున్నాలు వేస్తుంటే అటక మీది సామానంతా దించాం. వాళ్లుండేది బల్లార్షాలో. మ్యాపులో అది మహారాష్ట్ర, చంద్రపూర్ జిల్లా. వీధిలోకి వెళ్తే తెలుగు, మరాఠీ, హిందీ మూడూ ఒకే వాక్యంలో వినిపిస్తాయి. బొగ్గు గనుల్లో, కాగితం మిల్లులో, రైల్వేలో పని వెతుక్కుంటూ వచ్చిన తెలుగువాళ్లు తరాలుగా అక్కడే ఉండిపోయారు.

అటక మీద ఒక అట్టపెట్టె నిండా క్యాసెట్లు దొరికాయి. అన్నీ బావవే. పాటల విషయంలో బావ చాలా పట్టుదల మనిషి. గనిలో షిఫ్టు దిగి వచ్చాక అమెరికా ఫంక్ తప్ప, అంటే అక్కడి నల్లజాతి బృందాల లయ ప్రధానమైన సంగీతం తప్ప, ఇంకోటి పెట్టడు. డ్రమ్మర్ల పేర్లు మేనమామల పేర్లంత సులువుగా చెప్తాడు. పెళ్లిలో డీజే పాట భరించలేక బంతిలోంచి లేచిపోయాడని చుట్టాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ పెట్టెలో ఒక క్యాసెట్ మీద నీలం బాల్‌పెన్నుతో 'జేమ్స్ బ్రౌన్, లైవ్' అని గుండ్రంగా రాసి ఉంది. పాత టూ-ఇన్-వన్‌లో వేసి నొక్కాను. కాస్త సాగదీసినట్టు, నీరసంగా ఒక పాట మొదలైంది. అది ఫంక్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ కాదు. 1986లో వచ్చిన 'సింహాసనం' సినిమాకి బప్పీ లహరి కట్టిన డిస్కో పాట.

"ఇదేంది బావా?"

బావ చేతిలో బ్రష్షు గోడ మీదే ఆగిపోయింది. "ముందు బంద్ చెయ్‌రా" అన్నాడు. కాసేపటికి పక్కన కూచుని మెల్లగా చెప్పాడు. "దోస్తులు వచ్చి క్యాసెట్లు తిప్పి తిప్పి చూసెటోళ్లు. ఫంక్ వినెటోడు ఇది వింటడా అని నవ్వుతరని అట్ల రాసి పెట్టిన."

అప్పట్నుంచి నా మనసంతా ఆ లేబుల్ మీదే ఉంది. ఫంక్, డిస్కో ప్రాణంగా వినే నా స్నేహితుల్ని కదిపి చూశాను. దాదాపు ప్రతి ఒక్కరి దగ్గరా ఇలాంటి చాటు పాట ఒకటుంది. ఎవరూ లేనప్పుడు పెట్టుకుంటారు, ఎవరైనా వస్తే మార్చేస్తారు. ఆ పాట ఆనందం ఇస్తోంది, అందులో అబద్ధం లేదు. మరి సిగ్గు ఎక్కడి నుంచి వస్తోంది? పాటలోంచా, మనలోంచా?

ముందు పాట సంగతి చూద్దాం. డిస్కో కట్టడం చూడ్డానికి చాలా తేలిక. నాలుగు లెక్కల వరసలో ప్రతి లెక్కకీ కాలితో వాయించే పెద్ద డ్రమ్, కిక్ డ్రమ్ దెబ్బ ఒకటి పడుతుంది. ధం, ధం, ధం, ధం. రెండు దెబ్బల నడిమి ఖాళీలో హై-హ్యాట్ తాళాలు 'త్స్' మని తెరుచుకుంటాయి. 1973 ప్రాంతంలో ఫిలడెల్ఫియా స్టూడియో డ్రమ్మర్ ఎర్ల్ యంగ్ వాయించిన రికార్డులతో ఈ పద్ధతి స్థిరపడింది.

మనకి ఇది కొత్తేమీ కాదు. డప్పు వాయించేవాళ్ల చేతులు దగ్గర్నుంచి చూడండి. ఒక చేతిలో లావుపాటి సిర్ర, ఇంకో చేతిలో సన్నటి చిటికెన పుల్ల. సిర్ర పడ్డప్పుడు చర్మం నడిమి నుంచి బరువైన శబ్దం లేస్తుంది. పుల్ల అంచున గలగలమంటూ ఆ ఖాళీలు నింపుతుంది. నిమజ్జనం రోజు వార్ధా నది వైపు సాగే ఊరేగింపులో మరాఠీ కుర్రాళ్ల ఢోల్, తాషాలదీ ఇదే పంపకం. ఢోల్ నేలని పట్టుకుంటుంది, తాషా ఆ నేల మీద పరుగెడుతుంది. డిస్కో చేసిందల్లా ఆ నేలని ఇంకా చదునుగా, ఎక్కడా తడబడనంత గట్టిగా పరచడమే.

దాని వేగం కూడా శరీరానికి దగ్గరగా ఉంటుంది. డిస్కో పాటలు ఎక్కువగా నిమిషానికి 110 నుంచి 130 దెబ్బల మధ్య నడుస్తాయి. మామూలుగా నడిచేటప్పుడు మన అడుగులు కూడా సెకనుకి సుమారు రెండు. అంటే డిస్కో కిక్ మన నడక లెక్కలోనే పడుతుంది. గుండె ఆగిన మనిషి ఛాతీని నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలని డాక్టర్లు చెప్తారు. ఆ లెక్క తప్పకుండా ఉండడానికి శిక్షణలో బీ జీస్ బృందం 1977 నాటి 'స్టేయిన్ అలైవ్' పాటని గుర్తు పెట్టుకోమంటారు. దాని వేగం నిమిషానికి 103. ఆ పాట రికార్డింగ్‌కి డ్రమ్మర్ అందుబాటులో లేడు. అందుకని అదే బృందం ఇంకో పాటలోంచి రెండు వరసల డ్రమ్ టేపు కోసి, ఉంగరంలా, అంటే లూప్‌లా అతికించి, దాన్నే మళ్లీ మళ్లీ తిప్పారు. ఆల్బమ్ మీద డ్రమ్మర్ పేరు వేయాలి కాబట్టి 'బెర్నార్డ్ లూప్' అని లేని మనిషిని సృష్టించి వేశారు. మా బావ లేబుల్ చూశాక ఆ పేరు మీద నాకు అభిమానం పెరిగింది.

ఫంక్ దారి వేరు. జేమ్స్ బ్రౌన్ తన బృందానికి ఒకటో లెక్కని మాత్రం బలంగా కొట్టమనేవాడు. ఆ తర్వాతంతా దాగుడుమూతలే. దెబ్బ పడాల్సిన చోట పడదు, పడకూడని చోట పడుతుంది. క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ లాంటి డ్రమ్మర్లు స్నేర్ అనే చిన్న డ్రమ్ మీద వినీ వినిపించని చిన్న చిన్న దెబ్బలు చల్లుతారు. వినేవాడి మెదడు ఆ లేని దెబ్బని తనే వేసుకుంటుంది.

ఎంత దాగుడుమూత బాగుంటుందో కొలిచినవాళ్లున్నారు. 2014లో మారియా విటెక్, ఆమె సహ పరిశోధకులు ఫంక్ తరహా డ్రమ్ ముక్కలు 50 తీసుకుని జనానికి వినిపించారు. కొన్ని పూర్తిగా చదునువి, కొన్ని మధ్యరకం, కొన్ని లెక్క అందనంత చిక్కువి. ఏది వింటే ఆడాలనిపిస్తోంది, ఏది హాయిగా ఉంది అని అడిగారు. జవాబులు గుట్ట ఆకారంలో వచ్చాయి. మరీ చదునుదీ మరీ చిక్కుదీ గుట్ట అడుగునే ఉండిపోయాయి. మధ్యరకం శిఖరం మీద నిలబడింది. తర్వాతి దెబ్బ ఎక్కడ పడుతుందో తెలియాలి, అయితే మొత్తం తెలిసిపోకూడదు.

ఈ ఫలితం చెప్తే బావ మొహం వెలిగింది. "అందుకే ఫంక్ గొప్పది" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. డిస్కోలో చదునుగా ఉండేది కిక్ ఒక్కటే. దాని మీద బేస్ గిటార్ కింది స్వరం నుంచి పై స్వరానికి ఎగురుతూ ఉంటుంది, రిథమ్ గిటార్ లెక్కల సందుల్లో గీకుతుంది, తీగ వాద్యాలు ఆలస్యంగా దూకుతాయి. షీక్ అనే డిస్కో బృందంలో నైల్ రాడ్జర్స్ గిటార్, బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ బేస్ ఒక్క రోజు శ్రద్ధగా వినండి. అవి ఫంక్ చేతులే. నేల కదలదు కాబట్టి దాని మీద ఎంత తుళ్లినా పడిపోమన్న ధైర్యం వాటికుంది. డిస్కో కూడా అదే గుట్ట ఎక్కుతుంది, ఇంకో వైపు నుంచి.

ఇక్కడ నాకు అన్నిటికన్నా అద్భుతంగా అనిపించే ప్రయోగం ఒకటి చెప్పాలి. 2009లో ఇస్త్వాన్ వింక్లర్, సహ పరిశోధకులు పుట్టి రెండు మూడు రోజులైన పసిపిల్లలకి, వాళ్లు నిద్రపోతుండగా డ్రమ్ వరసలు వినిపించారు. తలకి అంటించిన ఎలక్ట్రోడ్లతో మెదడు సంకేతాలు చూశారు. వరసలో ఏదో ఒక చిన్న దెబ్బ తీసేస్తే మెదడు పెద్దగా పట్టించుకోలేదు. వరస మొదట్లో పడాల్సిన అసలు దెబ్బ తీసేసినప్పుడు మాత్రం ఉలిక్కిపడినట్టు సంకేతం వచ్చింది. ఇంకా పేరైనా పెట్టని బిడ్డ, నిద్రలో, ఒకటో లెక్క ఎక్కడుండాలో ఎదురుచూస్తోంది! ఆ బిడ్డకి ఏది గొప్ప సంగీతం, ఏది చవకబారుది అని ఎవరూ నేర్పలేదు.

పెద్దయ్యాక ఆ ఎదురుచూపులో కాళ్లూ చేతులూ కలుస్తాయి. స్కానర్‌లో కదలకుండా పడుకున్న మనిషికి లయ వినిపించినా, కదలికల్ని నడిపే మెదడు భాగాలు చురుగ్గా పనిచేస్తాయని 2007 నుంచి వరసగా పరిశోధనలు చూపించాయి. మెదడుకి లయ వినడమంటే సగం ఆడినట్టే. 2011లో మాంట్రియల్ పరిశోధకులు సాలింపూర్, జటోరె బృందం ఇంకో అడుగు వేశారు. పాట వింటూ ఒళ్లు గగుర్పొడిచే క్షణంలో మెదడులో ఆనందంతో ముడిపడ్డ రసాయనం డోపమైన్ విడుదలవుతోందని, ఆ క్షణం రాబోతోందని ఎదురుచూసే కొన్ని సెకన్లలోనే మెదడులో ఇంకో చోట అది మొదలవుతోందని చూశారు. ఆ ప్రయోగంలో సంగీతాన్ని ఎంచింది పరిశోధకులు కాదు. ఎవరికి నచ్చింది వాళ్లు తెచ్చుకున్నారు. డోపమైన్‌కి కావలసింది నచ్చడమే.

బావకి ఆ పాట నచ్చడానికి ఇంకో కారణం వయసు. 1986లో ఆయనకి పదిహేడేళ్లు. టీనేజీలోనూ ఆ వెంటనే వచ్చే ఏళ్లలోనూ విన్న పాటలు జీవితాంతం మిగతావాటికన్నా గట్టిగా అతుక్కుని ఉంటాయని జ్ఞాపకాల మీద పనిచేసేవాళ్లు పదేపదే చూశారు. ఫంక్ ఆయన ఇరవై రెండో ఏట ఎంచుకున్నాడు. బప్పీ లహరిని ఎంచుకోలేదు. బస్టాండు హోటల్లో, సైకిల్ షాపులో, కాజీపేట నుంచి వచ్చే రైల్లో పక్కవాడి టేప్‌రికార్డర్‌లో ఆ పాట తనంతట తానే వచ్చి చేరింది.

డీజే సంగతి కూడా ఒక్క మాట. పెద్ద బాక్సుల ముందు నిలబడితే చెవికన్నా ముందు కడుపుకి తెలుస్తుంది. 2022లో ప్రచురించిన ఒక ప్రయోగంలో కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీ వాళ్లు ఒక ఎలక్ట్రానిక్ సంగీత కచేరీలో 8 నుంచి 37 హెర్ట్జ్ దాకా ఉండే అతి లోతు శబ్దాన్ని రెండున్నర నిమిషాలకోసారి ఆన్, ఆఫ్ చేస్తూ పోయారు. ఆ శబ్దం ఉందో లేదో జనం గుర్తుపట్టలేరు. అయినా అది ఆన్‌లో ఉన్నప్పుడు సుమారు 12 శాతం ఎక్కువగా ఆడారు. కాబట్టి ఊరేగింపులో తెలియకుండానే కాలు కదిలితే అది మీ అభిరుచి లోపం కాదు. బాక్సులకి మాత్రం దూరంగా నిలబడండి, చిన్నపిల్లల్ని దగ్గరికి అస్సలు తీసుకెళ్లకండి. చెవి లోపలి సన్నటి రోమ కణాలు ఒకసారి చచ్చిపోతే మళ్లీ మొలవవు.

అంటే ఆనందం పాటలో ఉంది, ఒంట్లో ఉంది. సిగ్గు మాత్రం నలుగురిలో ఉంది. ఫ్రెంచ్ సామాజిక శాస్త్రవేత్త పియర్ బూర్‌డ్యూ 1960లలో 1,217 మందిని వాళ్లకేం ఇష్టమో అడిగాడు. ప్రొఫెసర్లు, కళాకారులు శాస్త్రీయ స్వరకర్త బాఖ్ కీబోర్డు రచనల వైపు మొగ్గితే, కార్మికులు అందరి నోళ్లలో నలిగిన డాన్సు బాణీ 'బ్లూ డాన్యూబ్' వాల్ట్జ్ వైపు మొగ్గారు. అభిరుచి అంటే మొట్టమొదట ఎదుటివాళ్ల అభిరుచి మీద విముఖత అని ఆయన వాదం. ఏం వింటామో చెప్పడం కన్నా ఏం వినమో చెప్పడంతోనే మన గుంపు ఏదో తెలుస్తుంది. బావ బంతిలోంచి లేచిపోయింది అందుకే.

ఆయన ఈ వాదంతో రాసిన పుస్తకం అచ్చయిన 1979లోనే, జులై 12న, షికాగోలోని కొమిస్కీ పార్క్ బేస్‌బాల్ స్టేడియంలో డిస్కో గిట్టనివాళ్లు డిస్కో రికార్డుల్ని ఒక పెట్టెలో పోసి పేల్చేశారు. ఒక డిస్కో రికార్డు తెస్తే టికెట్ 98 సెంట్లే. జనం మైదానంలోకి దూకి గడ్డి తగలబెట్టడంతో ఆ రోజు రెండో ఆట జరగలేదు. జనం తెచ్చినవాటిలో డిస్కోతో సంబంధం లేని నల్లజాతి కళాకారుల రికార్డులు కూడా ఉన్నాయని అక్కడ సీట్లు చూపించే పనిలో ఉన్న విన్స్ లారెన్స్ అనే కుర్రాడు తర్వాత చెప్పాడు. డిస్కో పుట్టింది నల్లవాళ్లు, లాటినోలు, గే యువకులు చేరే న్యూయార్క్ క్లబ్బుల్లో. ఆ మంటలో కాలిన వాటిలో పాటలతో పాటు ఆ మనుషుల మీది అసహ్యం కూడా ఉందని నేను నమ్ముతాను. కొన్నేళ్లకి అదే షికాగోలో, అదే నాలుగు దెబ్బల కిక్ మీద హౌస్ అనే డ్యాన్స్ సంగీతం పుట్టింది. దాని తొలి రికార్డుల్లో విన్స్ లారెన్స్ చెయ్యి ఉంది.

సరిగ్గా ఆ ఏడాదే జేమ్స్ బ్రౌన్ ఒక ఆల్బమ్ విడుదల చేశాడు. పేరు 'ది ఒరిజినల్ డిస్కో మ్యాన్'. ఇది బావకి తెలుసు. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

మన దేశంలో ఇంకో ముచ్చటుంది. చరణ్‌జీత్ సింగ్ అని హిందీ సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించిన పెద్దమనిషి 1982లో సింథసైజర్లు, డ్రమ్ మెషీన్ ముందేసుకుని పది రాగాలు డిస్కో లయ మీద వాయించి రికార్డు చేశాడు. అప్పుడు పెద్దగా ఎవరూ కొనలేదు. 2010లో మళ్లీ విడుదల చేస్తే అత్యంత నిష్ఠగల సేకర్తలే దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. భైరవ్ రాగం మారలేదు, కిక్ మారలేదు. వినే గుంపు మారింది.

బావ టూ-ఇన్-వన్ వెనక మూత విప్పి చూశాడు. రబ్బరు బెల్టు సాగిపోయి పుల్లీ మీద జారుతోంది, అందుకే పాట నీరసంగా వచ్చింది. చంద్రపూర్‌లో ఒక రేడియో రిపేరు షాపులో కొత్త బెల్టు దొరికింది. ఆదివారం మధ్యాహ్నం అది వేసి, క్యాసెట్ రెండో పక్క పెట్టాడు. అక్కడ నిజంగానే జేమ్స్ బ్రౌన్ ఉన్నాడు. బావ వేలితో మోకాలి మీద ఒకటో లెక్క కొడుతూ నాకు చూపిస్తున్నాడు.

వంటింట్లోంచి అక్క కేకేసింది. "అది తర్వాత. ముందు మొదటి పక్క వెయ్యి. ఆ డబ్బాల ఏమున్నదో నాకు ఎరుక లేదనుకున్నవా? నువ్వు డ్యూటీకి పోంగనే రోజు వింటుంటి."

బావ ఏమీ అనకుండా క్యాసెట్ తీసి తిప్పి పెట్టాడు.