రీసెట్ కొట్టే ముందు ఒక్క లైను: ఏడీబీ మీద అపోహలు - వాస్తవాలు

విశాఖ డాబాగార్డెన్స్‌లో ఫోన్ల రిపేరు నా పని. కౌంటర్ మీద ఫోన్ పెట్టి మనుషులు మళ్లీ మళ్లీ చెప్పే మాట ఒకటుంది. "మావాడు కంప్యూటర్‌కి పెట్టి ఏవో యాప్స్ తీసేశాడండీ. సిస్టమ్ యాప్ పోతే ఇక రాదంట కదా, రీసెట్ కొట్టేయండి."

కొట్టను. ముందు కూర్చోమంటాను. వాళ్లవాడు వాడింది ఏడీబీ, అంటే కేబుల్ పెట్టి కంప్యూటర్ నుంచి ఆండ్రాయిడ్ ఫోన్‌కి కమాండ్లు పంపే టూల్. సిస్టమ్ యాప్ అంటే ఫోన్‌తో పాటే వేసి వచ్చే యాప్.

అపోహ: ఏడీబీతో తీసేసిన సిస్టమ్ యాప్ తిరిగి రావాలంటే ఫ్యాక్టరీ రీసెట్ ఒక్కటే దారి.

వాస్తవం: రూట్ చేయని ఫోన్‌లో, అంటే సిస్టమ్ ఫైళ్లు మార్చే పూర్తి అధికారం తెరవని ఫోన్‌లో, ఆ యాప్ ఎక్కడికీ పోదు. పీఎం అన్‌ఇన్‌స్టాల్ కమాండ్‌లో "యూజర్ 0" అని కొడతాం చూడండి, ఈ యూజర్‌కి ఇది వద్దు అని చెప్పడమే అది. యాప్ అసలు ఫైలు (ఏపీకే) సిస్టమ్ పార్టిషన్‌లో, అంటే ఫోన్ సిస్టమ్ కోసం విడిగా ఉంచిన భాగంలో భద్రంగా ఉంటుంది. వెనక్కి తెచ్చేది ఒక్క లైను: ఏడీబీ షెల్ సీఎండీ ప్యాకేజ్ ఇన్‌స్టాల్-ఎగ్జిస్టింగ్, పక్కన ప్యాకేజీ పేరు, అంటే ఫోన్ లోపల ఆ యాప్‌కి ఉండే పేరు. పేరు గుర్తు లేదా? పీఎం లిస్ట్ ప్యాకేజెస్ చివర హైఫన్ పెట్టి యూ కొట్టండి, తీసేసినవి కూడా కనిపిస్తాయి. ఆ యాప్ లోపలి సెట్టింగులు పోతాయి, అంతే.

గాజువాక నుంచి ఒక పెద్దావిడ వచ్చారు. కొడుకు గ్యాలరీ యాప్ తీసేశాడు. ఫొటోలు కనపడక కంగారుపడి ఎవరి దగ్గరికో వెళ్తే, వాళ్లు రీసెట్ కొట్టి ఫోన్ చేతిలో పెట్టారు. "మనవడి అన్నప్రాశన ఫొటోలు బాబూ, ఎలాగోలా తీసివ్వు" అంటారు. గ్యాలరీ అనేది ఫొటోలు చూపించే అద్దం. ఫొటోలు ఉండేది డీసీఐఎం ఫోల్డర్‌లో. గ్యాలరీ పోయిన రోజు అవన్నీ అక్కడే ఉన్నాయి. ఏడీబీ పుల్ కొడితే ఫోల్డర్ మొత్తం కంప్యూటర్‌లోకి వచ్చేసేది. రీసెట్ తర్వాత నా దగ్గర మంత్రం లేదు. ఇప్పటి ఫోన్లలో స్టోరేజీ ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళం పడి ఉంటుంది, రీసెట్‌తో ఆ తాళంచెవే చెరిగిపోతుంది. ఆవిడకి ఆ సంగతి చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.

నేనూ ఏం తక్కువ తినలేదు. కొత్తలో మా నాన్న ఫోన్‌లో కీబోర్డు యాప్ తీసేసి, టైపు చేయడం కుదరక రీసెట్ కొట్టాను. ఆయన యూనియన్ గ్రూపు చాటింగ్ అంతా పోయింది. ఇప్పటికీ భోజనాల దగ్గర ఆ మాట ఎత్తుతారు.

అలాగని ఏది పడితే అది తీసేయొద్దు. స్టేటస్ బార్, నోటిఫికేషన్లు చూపించే సిస్టమ్ యూఐ లాంటివి తీసి, ఫోన్ ఆన్ కాకుండా లోగో దగ్గరే తిరుగుతుంటే రీసెట్ తప్పకపోవచ్చు. వీడియోలో చదివిన లిస్టు వేరే కంపెనీ ఫోన్‌ది అయ్యుంటుంది. అనుమానం ఉంటే తీసేయకండి, యాప్‌ని తీయకుండా ఆపి ఉంచే డిజేబుల్-యూజర్ కమాండ్ కొట్టి రెండు రోజులు చూడండి.

మిగతావి గబగబా చెప్తాను.

ఏడీబీ వాడితే రూట్ అయినట్టేనా? కాదు. రెండూ వేరు.

సిస్టమ్ యాప్ తీస్తే స్టోరేజీ పెరుగుతుందా? దాని అప్‌డేట్లు, డేటా మేరకే ఖాళీ అవుతుంది.

మర్చిపోయిన ప్యాటర్న్ ఏడీబీతో తీయొచ్చా? ఎవరు పుట్టిస్తారో ఈ పుకార్లు! ముందు ఆ ఫోన్ అన్‌లాక్ చేసి, "ఈ కంప్యూటర్‌ని అనుమతించాలా" అన్న డబ్బాలో ఓకే నొక్కితేనే ఏడీబీ మాట వింటుంది. ఆండ్రాయిడ్ 4.2.2 నుంచీ ఇదే పద్ధతి.

కేబుల్ పెట్టగానే బ్యాంకు డబ్బులు పోతాయా? టెన్షన్ పడకండి, పోవు. కానీ షాపులో "ఎప్పుడూ అనుమతించు" టిక్కు పెట్టకండి, నా షాపులో అయినా సరే. పని అయ్యాక డెవలపర్ ఆప్షన్స్‌లో ఆథరైజేషన్లు రద్దు చేసి, ఏడీబీకి దారి ఇచ్చే యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే కొన్ని బ్యాంకు యాప్స్ తెరుచుకోవు కూడా.

కంప్యూటర్‌కి కలిపిన ఫోన్లు చూపించే ఏడీబీ డివైసెస్ కొడితే కింద ఖాళీగా ఉందంటే, డ్రైవర్ల కోసం గంటలు వెతక్కముందు కేబుల్ మార్చి చూడండి. చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుళ్లు నా డ్రాయర్‌లోనే డజను పడున్నాయి.