ఇరవై మిల్లీగ్రాముల హద్దు

మహబూబ్‌నగర్‌లో ఏ పిండి గిర్ని ముందైనా కాసేపు నిలబడండి. ఒకరి గోధుమలు ఆడటం అయిపోగానే తరువాతివారి జొన్నలు పోస్తారు. మొదట రాలే గుప్పెడు పిండిలో గోధుమ ఎంతో, జొన్న ఎంతో ఎవరూ చెప్పలేరు. మనలో చాలామందికి దానితో ఇబ్బంది లేదు. సీలియాక్ వ్యాధి ఉన్న పిల్లలకు మాత్రం ఆ గుప్పెడే ముప్పు.

గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లోని గ్లూటెన్ అనే ప్రోటీన్ ఒంట్లోకి వెళితే, ఈ వ్యాధి ఉన్నవారి రోగనిరోధక వ్యవస్థ తమ చిన్నపేగు లోపలి పొరనే దెబ్బతీస్తుంది. తిన్నది ఒంటబట్టదు, రక్తహీనత వస్తుంది, పిల్లలైతే ఎదగరు. జీవితాంతం పథ్యమే దీనికి చికిత్స.

తిండితోనే ఇది నయం కావాలని 1888లోనే లండన్ వైద్యుడు శామ్యూల్ గీ రాశాడు. అయితే ఏ తిండి మానాలో ఆయనకు తెలియలేదు. ఆ జవాబు నెదర్లాండ్స్ పిల్లల వైద్యుడు విల్లెం డికె ఇచ్చాడు. గోధుమ మీద ఆయనకు ముందునుంచే అనుమానం ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944-45 చలికాలపు కరవులో ఆ దేశంలో రొట్టె దొరకనప్పుడు ఈ పిల్లలు తేరుకోవడం, రొట్టె తిరిగి రాగానే మళ్లీ జబ్బుపడటం ఆ అనుమానాన్ని బలపరిచాయి. ఊరంతా ఆకలితో అలమటిస్తున్న రోజుల్లో కొందరు పిల్లలు కోలుకున్నారన్న మాట చదివినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది.

ఇక మిగిలింది ‘ఎంతవరకు ఫరవాలేదు’ అన్న ప్రశ్న. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ తొలి ప్రమాణంలో గ్లూటెన్‌ను నేరుగా కొలవలేదు, ప్రోటీన్‌లో ఉండే నత్రజనిని బట్టి లెక్కగట్టింది. ప్రతిరోధకాల సాయంతో గ్లూటెన్‌ను పట్టే ఎలైసా పరీక్షలు వచ్చాకే కొలత నమ్మదగినదైంది. రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలలు తింటే పేగు దెబ్బతింటుందని 2007లో ఇటలీ పరిశోధకులు చూపించారు. ‘గ్లూటెన్ ఫ్రీ’ (గ్లూటెన్ లేనిది) అనాలంటే కిలో ఆహారానికి 20 మిల్లీగ్రాములు దాటకూడదని 2008లో కోడెక్స్ హద్దు పెట్టింది. అమెరికా 2013లో అదే అంకె తీసుకుంది. మన ఆహార భద్రతా ప్రాధికార సంస్థ నిబంధనా అదే. 20 నుంచి 100 మధ్య ఉంటే ‘లో గ్లూటెన్’ (తక్కువ గ్లూటెన్) అనాలి. అది ఈ రోగులకు పనికిరాదు.

20 మిల్లీగ్రాములంటే ఎంత? ఒక గ్రాము గోధుమపిండిలోనే సుమారు 80 మిల్లీగ్రాముల గ్లూటెన్ ఉంటుంది. అంటే కిలో జొన్నపిండిలో చిటికెడు గోధుమపిండి కలిసినా హద్దు దాటినట్టే.

జొన్న, సజ్జ, కొర్ర, వరి గింజల్లో గ్లూటెన్ లేదు. పాలమూరు జొన్నరొట్టె ఈ రోగులకు దేవుడిచ్చిన వరమే. గింజలో లేనిది గిర్నిలో వచ్చి చేరడమే బాధ. 2023 చిరుధాన్యాల సంవత్సరం తర్వాత దుకాణాల్లో కనిపిస్తున్న రాగి, జొన్న బిస్కెట్ల ప్యాకెట్లు తిప్పి చూడండి, కొన్నింటిలో మైదా ఉంటుంది. బొంబాయి రవ్వ గోధుమదే. పొడి ఇంగువలోనూ చాలాసార్లు మైదా కలుపుతారు. పిల్లలచేత గోధుమ రొట్టె మాన్పించి, చారులో ఇంగువ వేసి, జబ్బు ఎందుకు తగ్గడంలేదని కుమిలిపోయే తల్లుల బాధ పెద్దది.

ప్యాకెట్ మీద ఆహార భద్రతా సంస్థ ఇచ్చిన 14 అంకెల సంఖ్య తయారీదారుకు లైసెన్సు ఉందని మాత్రమే చెబుతుంది, గ్లూటెన్ సంగతి చెప్పదు. పడని పదార్థాలను విడిగా ప్రకటించాలని 2020 లేబులింగ్ నిబంధనలు అంటున్నాయి. గోధుమ ఉంటే ఆ వరుసలో కనిపించాలి. గీత కొట్టిన గోధుమ కంకి వంటి ప్రైవేటు ధ్రువీకరణ ముద్రలు తయారీదారు ఇష్టపడి తెచ్చుకునేవి. కొన్ని సంస్థలు 10 మిల్లీగ్రాముల హద్దే పెడతాయి.

గిర్నిలో ఆడించుకున్న పిండికి ఏ లేబులూ ఉండదు. సీలియాక్ రోగి ఉన్న ఇంట్లో జొన్నలకు విడిగా చిన్న పిండిమరో, పాత తిరగలో ఉంచుకోవడం మేలు. ఏరి శుభ్రం చేసిన జొన్నలే అందులో పోయాలి, గోధుమలు ఒక్కసారి కూడా పోయకూడదు.