సీమ యూనివర్సిటీల్లో ప్రపంచం మీద సభ: ఖర్చు ఎవరిది, అంశం ఎవరిది?

అనంతపురంలోనో కడపలోనో విదేశీ వ్యవహారాల మీద ఓ సదస్సు పెట్టాలంటే తరచూ ముందు ఢిల్లీకి ప్రపోజల్ వెళ్లాలి. దీని మూలాలు పాతవి. వర్సిటీలకు కేంద్ర గ్రాంట్లు ఇచ్చే యూజీసీకి సంబంధించిన 1956 చట్టానికి 1972లో ఒక సవరణ చేశారు. ఆ ఏడాది జూన్ 17 తర్వాత పుట్టిన యూనివర్సిటీకి, అర్హత ఉందని యూజీసీ ప్రకటించేదాకా కేంద్ర గ్రాంటు రాదు. తిరుపతి వేంకటేశ్వర వర్సిటీ 1954 నాటిది కాబట్టి దానికి ఈ చిక్కు లేదు. దాని పీజీ కేంద్రంగా 1968లో మొదలైన అనంతపురం క్యాంపస్ మాత్రం 1981లో గానీ శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం కాలేదు. కడప యోగి వేమన 2006లో, కర్నూలు రాయలసీమ యూనివర్సిటీ 2008లో వచ్చాయి. మూడూ గడువు దాటాక పుట్టినవే.

పంచవర్ష ప్రణాళికలు నడిచినన్నాళ్లూ యూజీసీ అభివృద్ధి నిధుల్లో సెమినార్లకు కొంత వాటా ఉండేది. 2017లో 12వ ప్రణాళికతో ఆ పద్ధతి ముగిసింది. రాష్ట్రం ఇచ్చేది చాలావరకు జీతాలకు, పెన్షన్లకే పోతుంది. ఇక ఆశ్రయం సామాజిక శాస్త్రాల పరిశోధనకు సాయం చేసేందుకు 1969లో ఏర్పడ్డ ఐసీఎస్‌ఎస్‌ఆర్, 1943 నుంచి ఉన్న భారత ప్రపంచ వ్యవహారాల మండలి లాంటివే. మండలికి 2001 చట్టంతో జాతీయ ప్రాముఖ్య సంస్థ హోదా వచ్చింది. ఈ సంస్థల సాయాన్ని తక్కువ చేయలేం, అది లేకపోతే చాలా సభలు జరిగేవే కావు. కానీ గ్రాంటు దొరికే అంశమే సదస్సు అంశమవుతోంది. జీ20 అధ్యక్షత మనకు వచ్చిన 2022–23లో దేశమంతా వర్సిటీల్లో ఆ పేరుతోనే ఉపన్యాసాలు నడిచాయి.

మన సీమకు ప్రపంచంతో ఉన్న సంబంధం ఇంకా దగ్గరిది. రాయచోటి, రాజంపేట వైపు నుంచి వేలమంది కువైట్‌లో పని చేస్తున్నారు. అక్కడి కఫాలా పద్ధతిలో వీసా యజమాని చేతిలో ఉంటుంది. 1983 వలసల చట్టం ప్రకారం పదో తరగతి పాస్ కానివాళ్లు అక్కడికి పనికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ (దేశం దాటి పనికి వెళ్లేందుకు అనుమతి) తీసుకోవాలి. ఈ సంగతులు వెళ్లేవాళ్లకు ముందే తెలియాలి. అనంతపురం వేరుశనగ రైతుది ఇంకో కథ. 1994లో పామాయిల్ దిగుమతికి తలుపులు తెరిచాక, మలేసియాలోని కౌలాలంపూర్ మార్కెట్‌లో పామాయిల్ ధర కూడా అతని పంట ధరను తాకుతోంది.

ఇవి పరిశోధకులు ఇంగ్లిష్‌లో పేపర్లు చదివి సర్టిఫికెట్లు తీసుకుంటే తీరేవి కావు. కనీసం ఒక పూట తెలుగులో, క్యాంపస్ బయట, అందరికీ తెరిచిన సభ పెట్టాలన్న షరతు ప్రతి గ్రాంటులోనూ ఉండాలి. ఉన్నత విద్యామండలి తన వంతుగా ఇలాంటి సభలకు చిన్న నిధి పెట్టి, అంశం ఎంచుకునే హక్కు డిపార్ట్‌మెంట్లకే వదలాలి.