నాటుకోడి ఏ జోన్ కిందికొస్తది? నెల్లూరు, ఒంగోలు ఇళ్ల మధ్య కోళ్ల గొడవ వెనక కథ

ఇళ్ల మధ్య కోళ్లు పెంచొచ్చా లేదా అనే ఈ గొడవ ఎప్పుడు మొదలైనా రెండే డైలాగులు. రెసిడెన్షియల్ ఏరియాలో కోళ్లు పెంచకూడదని రూల్ ఉంది తెల్సా అని ఒకరంటారు, మా తాతల కాలం నుంచి పెంచుతున్నాం ఎవుడొచ్చి ఆపుతాడో చూస్తాం అని ఇంకొకరంటారు. ఇద్దరి మాటలోనూ సగం నిజమే. రూల్స్ ఉన్నమాట వాస్తవమే కానీ వాటిల్లో ఒక్కటి కూడా పెరట్లో గంప కింద మూసిపెట్టిన నాలుగు పెట్టల్ని దృష్టిలో పెట్టుకుని రాసింది కాదు, ఒక్కోటి ఒక్కో కాలంలో ఒక్కో భయంతో పుట్టింది.

మొదటి భయం కంపు. 1865లో మద్రాసు ప్రెసిడెన్సీలో టౌన్ ఇంప్రూవ్‌మెంట్ చట్టం తెచ్చారు, మరుసటేడాదే నెల్లూరు మున్సిపాలిటీ అయింది, పదేళ్లకి 1876లో ఒంగోలు. అప్పటి దొరలకి కలరా అంటే హడల్, అందుకే వాళ్ల చూపంతా కాలవలు, పేడ దిబ్బలు, పందుల మీదే. 1920లో వచ్చిన మద్రాసు జిల్లా మున్సిపాలిటీల చట్టం కూడా అదే దారి, దాని తర్వాత మన 1965 ఏపీ మున్సిపాలిటీల చట్టం కూడా చాలావరకు దాన్నే పట్టుకుని నడిచింది. లాభం కోసం పశువుల్ని కట్టేసే కొట్టాలకి లైసెన్సు తీసుకోవాలన్నారు, అక్కడ మాట నాలుగు కాళ్ల జీవాల గురించి, కోడికి రెండే కాళ్లు కాబట్టి తప్పించుకుంది అనుకోండి. అయితే ఇంట్లో ఏ జంతువునైనా ఇరుగుపొరుగుకి ఇబ్బందో ప్రమాదమో అయ్యేటట్టు ఉంచకూడదు అనే లైన్ మాత్రం కోడికీ వర్తిస్తది. ఇప్పటికీ కంప్లైంట్లు చాలావరకు నడిచేది అలాంటి లైన్ మీదే. ఇది కాక న్యూసెన్స్ అని ఆర్డీవో దగ్గరికి పోయే దారి ఒకటుంది, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సీఆర్పీసీలో అది 133వ సెక్షన్, 2024 జూలై నుంచి దాని చోట వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో 152వ సెక్షన్.

రెండోది జోనింగ్, అంటే టౌన్లో ఏ ఏరియాలో ఏం ఉండొచ్చో ముందే గీతలు గీయడం. మాస్టర్ ప్లాన్లలో పౌల్ట్రీ ఫారాలకి మామూలుగా చోటిచ్చేది వ్యవసాయ జోన్లోనే, పొల్యూషన్ బోర్డు గైడ్‌లైన్స్ కూడా 5,000 కోళ్లకి పైబడిన ఫారాల గురించి, ఇళ్లకి 500 మీటర్ల దూరం అని అంటాయి. అది షెడ్లు వేసి బ్రాయిలర్లు పెంచేవాళ్ల కోసం. పిల్లలకి గుడ్లొస్తాయని నాలుగు పెట్టలు పెట్టుకున్న ఇంటికి ఈ 500 మీటర్ల రూల్ చూపించి బెదిరించేవాళ్లని చూస్తే నవ్వొస్తది, ఆ లెక్కన నెల్లూరు శివారు బుజబుజ నెల్లూరులో ఒక్క పెట్ట కూడా మిగలదు.

ఇక్కడ అసలు సంగతి ఒకటుంది. కోళ్లు టౌన్లోకి రాలేదు, టౌనే కోళ్ల దగ్గరికి పోయింది. నెల్లూరు 2004లో కార్పొరేషన్ అయింది, ఒంగోలు 2012లో. ఇటు నెల్లూరు పక్క చింతారెడ్డిపాలెం, అటు ఒంగోలు పక్క పెర్నమిట్ట, కొప్పోలు లాంటి ఊళ్లన్నీ సిటీలో కలిసిపోయాయి. ఆ ఊళ్లలో పాత ఇంటికి వెనక దొడ్డి ఉండేది, దిబ్బ ఉండేది, కోడి పొద్దున గంప లేపితే సందంతా తిరిగి పురుగూ పుట్రా ఏరుకుని పొద్దుగూకే టైంకి తనే వచ్చేది, మనం వేసేది నాలుగు నూకలు కాస్త తవుడు. ఇప్పుడు అదే చోట 30 అంకణాల ప్లాటు, అంటే మన నెల్లూరు లెక్కలో 240 గజాలు, దాంట్లో ఇల్లు కట్టి వెనక వదిలేది మీటరో మీటరున్నరో, ఆ సందులో ఇనప జాలీ గూడు పెడితే దాని అవతలే పక్కింటోళ్ల బెడ్‌రూం కిటికీ. పెట్టలైతే సరే, పుంజు ఉంటే నాలుగింటికే కూత మొదలెడతది. 2000 నాటి శబ్ద కాలుష్యం రూల్స్ ప్రకారం పొద్దున 6 దాకా రాత్రి కిందే లెక్క, ఆ ముక్క పుంజుకి ఎవరు చెప్పాలి? నన్నడిగితే గొడవల్లో సగం పుంజు వల్లే, గుడ్ల కోసం అయితే పుంజు అక్కర్లేదు కూడా, పెట్ట ఒక్కతే పెడతది. పిల్లలు కావాలంటేనే పుంజు.

మూడో భయం బర్డ్ ఫ్లూ, ఇది మిగతావాటిలా కాదు, నిజంగా సీరియస్. దేశంలో మొదట 2006లో మహారాష్ట్ర నవాపూర్‌లో బయటపడింది. 2009 నాటి పశువుల అంటువ్యాధుల చట్టం ప్రకారం కోళ్లకి ఇలాంటి జబ్బు ఉందని అనుమానం వస్తే చెప్పాల్సిన బాధ్యత యజమానిదే. 2024 ఫిబ్రవరిలో మన నెల్లూరు జిల్లా దాకా వచ్చింది, పొదలకూరు మండలం చాటగుట్ల, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలో కోళ్లు చచ్చిపోతే శాంపిల్స్ భోపాల్ ల్యాబుకి పంపారు, పాజిటివ్. 10 కిలోమీటర్ల లోపల చికెన్ షాపులు 3 రోజులు, కిలోమీటరు లోపల 3 నెలలు మూసేయమన్నారు. కేంద్రం ప్లాన్ ప్రకారం ఆ కిలోమీటరు గీతలో ఫారం కోడి, పెరటి కోడి అనే తేడా లేదు, రెండిటినీ చంపేయాల్సిందే, నష్టపరిహారం ఇస్తారు. మరుసటేడు నరసరావుపేటలో రెండేళ్ల పాప బర్డ్ ఫ్లూతో చనిపోయిన వార్త వచ్చాక పక్కింటోళ్ల కోళ్లని చూసే చూపే మారిపోయింది. అంతకుముందు రెట్టలు, వాసన అన్నోళ్లు ఆ తర్వాత రోగాలు అనడం మొదలెట్టారు. ఆ భయాన్ని కొట్టిపారేయలేం గానీ, కొక్కెర తెగులుకి (రాణిఖేత్ అంటారే, అది) కోళ్లు చచ్చినా అదే బర్డ్ ఫ్లూ అని వీధంతా గోల చేసేస్తున్నారు, శాంపిల్ తీయకుండా చూపుతో తేల్చే జబ్బులు కావు ఇవి.

ఇంకో విడ్డూరం చూడండి. వనరాజా, గ్రామప్రియ అని పెరటి పెంపకం కోసమే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థలో జాతులు తయారుచేశారు, ఊళ్లలో ఆడోళ్లకి ఆదాయం అని ప్రభుత్వమే పథకాలు పెట్టి కోడిపిల్లల్ని ఇప్పించింది. 2019లో సచివాలయాలు వచ్చినప్పుడు గ్రామ సచివాలయానికి పశుసంవర్ధక సహాయకుడు ఉండాలన్నారు, టీకాలకి ఆయన దగ్గరికి పోవచ్చు. వార్డు సచివాలయంలో ఆ పోస్టే లేదు, ఉన్నది శానిటేషన్ సెక్రటరీ. అంటే ఊరు పంచాయతీగా ఉన్నన్నాళ్లు టీకా వేయించుకునే కోడి, కార్పొరేషన్‌లో కలిసిన మర్నాటి నుంచి చెత్త కంప్లైంట్ అయిపోతది. బ్రెజిల్ వాళ్లు మన ఒంగోలు ఎద్దుల్ని తీసుకుపోయి నెలోర్ అని పేరు పెట్టుకుని మందలు మందలు పెంచుతున్నారు, ఇక్కడ నెల్లూరులో పెట్టకి వార్డులో ఒక టీకా దిక్కు లేదు.

అందుకే ఇప్పుడు జరిగేది ఏందంటే, కంప్లైంట్ పడితేనే రూలు లేస్తది, పడకపోతే పడుకునుంటది. వచ్చినోళ్లు కూడా చాలాసార్లు శుభ్రం చేసుకోండి, పుంజుని ఊరికి పంపించేయండి అని చెప్పి పోతారు. ఎన్ని కోళ్ల దాకా ఓకే, గూడుకి గోడకి ఎంత దూరం ఉండాలి, టీకా ఎవరు వేయాలి అని కార్పొరేషన్ ఒక పేజీ రాసి వార్డుల్లో అంటించడానికి పెద్ద ఖర్చేం కాదు.