రాత్రి మూడింటికి పారే నీరు

కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకుడు అడిగారు: "మాకు నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. మొదటి ఐదు నిమిషాలూ బురదే. శుద్ధి చేయకుండానే వదులుతున్నారా?"

శుద్ధి చేసే వదులుతారు. బురద చేరేది దారిలో. కానీ ఈ ప్రశ్నలోని అసలు విశేషం బురద కాదు, "రోజు విడిచి రోజు" అన్న మాట.

పైపుకు 3 మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి పడిందనుకుందాం. లోపలి పీడనం నీటిని 30 మీటర్ల ఎత్తుకు ఎక్కించగలిగేంత ఉందనుకుందాం. టోరిసెల్లీ సూత్రం ప్రకారం ఆ రంధ్రంలోంచి నీరు సెకనుకు 24 మీటర్ల వేగంతో చిమ్ముతుంది. రంధ్రం దాటగానే ధార సన్నబడడాన్ని లెక్కలోకి తీసుకున్నా రోజుకు దాదాపు 9,000 లీటర్లు. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలన్న ప్రమాణంతో చూస్తే 65 మంది వాడుక. ఈ సూత్రం మన ఇంటర్ పిల్లలకు మార్కుల ప్రశ్నగా పరిచయమై, పరీక్ష రోజుతో సెలవు తీసుకుంటుంది. వాల్వు తిప్పే లైన్‌మన్ చేతిలో ఉన్నది అదే సూత్రమని చెప్పే మాస్టారు అరుదు.

అదే గొట్టంలో రెండు రోజులకు ఒక్క గంట మాత్రమే నీరు వదిలితే? 18,000 లీటర్లు పోవలసిన చోట 375 పోతాయి. చూశారా చిక్కు! చిల్లుల పైపులున్న ఊరికి నీళ్లు ఆపి ఆపి ఇవ్వడమే పొదుపుగా కనిపిస్తుంది. 2007లో 12 మున్సిపాలిటీలు, 8 పంచాయతీలు హైదరాబాదులో కలిశాయి. ఎవరికి వారు వేసుకున్న గొట్టాలూ వాటితోపాటే వచ్చాయి. అలాంటి చోట 24 గంటలూ వాల్వు తెరిచి ఉంచే ధైర్యం ఏ ఇంజనీరుకు ఉంటుంది?

అయితే సైకిల్ షాపులో పంక్చరు ఎలా వెతుకుతారు? ముందు ట్యూబులో గాలి నింపి, ఆ తర్వాతే నీళ్ల బేసిన్‌లో ముంచుతారు. గాలి లేని ట్యూబును ఎంతసేపు ముంచినా బుడగ రాదు. బుడగ రాలేదని చిల్లు లేదనలేం. పైగా బేసిన్‌లోని నీళ్లే లోపలికి దిగుతాయి. మన శివారు పైపులైను 47 గంటలు గాలి లేని ట్యూబు. పీడనం పోగానే చుట్టుపక్కల మట్టినీరు, దగ్గర్లో డ్రైనేజీ ఉంటే ఆ నీరు కూడా, అదే రంధ్రంలోంచి లోపలికి వస్తాయి. నల్లాకు నేరుగా మోటారు బిగించి లాగితే ఇంకా చురుగ్గా వస్తాయి. మళ్లీ వాల్వు తెరవగానే ఖాళీ గొట్టంలోకి ఉరికిన నీరు గాలిని తోస్తూ, అతుకులను కుదుపుతూ వస్తుంది. కొత్త చిల్లులు పడతాయి. హుబ్లీ-ధార్వాడ్‌లో 24 గంటల సరఫరా ఉన్న వార్డులను, లేని వార్డులను పోల్చి పరిశోధకులు నీటిని పరీక్షించారు. ఆగి ఆగి వచ్చే నీటిలోనే బ్యాక్టీరియా ఎక్కువగా దొరికింది. అందులోనూ మొదట వచ్చే నీరు మరీ అధ్వానం.

నిరంతర సరఫరా ఉన్న చోట లీకేజీని పట్టే పద్ధతి ముచ్చటైనది. ఒక కాలనీకి నీరు ఒకే గొట్టం గుండా వెళ్లేలా చేసి, దానికి మీటరు పెడతారు. రాత్రి రెండింటికీ నాలుగింటికీ మధ్య ఊరంతా నిద్రలో ఉంటుంది. అప్పుడు కూడా ముల్లు తిరుగుతోందంటే తిప్పుతున్నది ఎక్కువగా లీకులే. మనకు ఇక్కడ ఇంకో అడ్డంకి ఉంది: ఇంటింటికీ సంపు. నిండగానే నీటిని ఆపేసే ఫ్లోట్ వాల్వు దానికి లేకపోతే అది నిండి పొర్లే నీరూ ఈ లెక్కలో కలుస్తుంది.

పీడనం తగ్గిస్తే లీకు ఎంత తగ్గుతుంది? ఇనుప గొట్టంలోని గుండ్రటి రంధ్రంలో వర్గమూలం చొప్పున, అంటే పీడనం సగమైతే కారేది 71 శాతం. ప్లాస్టిక్ గొట్టంలోని నిలువు పగులు అలా కాదు, పీడనంతోపాటు నోరు కూడా తెరుస్తుంది. పీడనం ఎన్నో ఘాతం చొప్పున లీకు మారుతుందో చెప్పే అంకె (ఘాతాంకం) వర్గమూలపు 0.5 నుంచి 1.5 దాకా పోతుంది. పీడనం సగమైతే లీకు దాదాపు మూడో వంతుకు పడిపోతుంది. రాత్రిళ్లు పీడనం తగ్గించే వాల్వు ఒక్కటి, తవ్వకం లేకుండానే, ఇంత పని చేస్తుంది.

ఇదంతా ఎందుకంటే, కృష్ణా నీరు నాగార్జునసాగర్ జలాశయం నుంచి పుట్టంగండి పంపుహౌసు, కోదండాపూర్ శుద్ధి కేంద్రాల మీదుగా వంద కిలోమీటర్లకు పైగా ఎక్కి హైదరాబాదుకు వస్తోంది. నాగార్జునసాగర్ నిండు మట్టం 590 అడుగులు, అంటే 180 మీటర్లు. నగరం 540 మీటర్ల ఎత్తున ఉంది. ఘర్షణ, పంపుల నష్టం వదిలేసినా వెయ్యి లీటర్లకు ఒక యూనిట్ కరెంటు. మన 3 మిల్లీమీటర్ల చిల్లు రోజుకు 9 యూనిట్లను కూడా భూమిలోకి పంపుతోందన్నమాట.

అరచేతిలో కొబ్బరికాయ నిలబడితే బోరు పాయింటు దొరికిందని నమ్మేవారు మన ఊళ్లలో ఎంతోమంది. లీకులు వెతికేవారూ అర్ధరాత్రి ఇనుప కడ్డీని వాల్వుకు ఆనించి చెవి పెడతారు. చూడడానికి రెండూ ఒకే తంతు. కానీ కడ్డీలో వినిపించేది నిజంగా నీరు చిమ్మే చప్పుడు. ఇనుము దాన్ని దూరం మోస్తుంది, ప్లాస్టిక్ మింగేస్తుంది. అందుకే ప్లాస్టిక్ లైన్లున్న కాలనీలో వీధి వాల్వులను రాత్రిపూట ఒక్కొక్కటే మూస్తూ మీటరు చూడాలి. ఏది మూసినప్పుడు ప్రవాహం ఉన్నట్టుండి పడిపోతే, మర్నాడు ఆ వీధిలో తవ్వాలి.