బిట్లు కోస్తే వినైల్ సౌండ్ వస్తుందా? అపోహలు - వాస్తవాలు

లో-ఫై (కావాలనే పాతగా, కరకుగా వినిపించే) పాటల జోరు మొదలైన దగ్గర్నుంచి మిక్సింగ్‌లోకి కొత్తగా వచ్చినవాళ్లు చాలామంది ఒకటే చిట్కా చెబుతున్నారు. ట్రాక్ మీద బిట్‌క్రషర్ (శబ్దాన్ని అంకెల్లో రాసే బిట్లను తగ్గించే ఎఫెక్ట్) వేసి 12 బిట్లకో 8 బిట్లకో దించితే వినైల్ రికార్డును ప్లేయర్‌లో విన్నట్టే ఉంటుందట. ఇందులో కొంచెం నిజం ఉంది. అందుకే ఈ నమ్మకం ఒక పట్టాన వదలడం లేదు.

అపోహ: వినైల్ నాణ్యత 12 బిట్లతో సమానం. కాబట్టి 12 బిట్లకు దించితే చాలు.

వాస్తవం: లెక్క వరకు సరే. ఒక్కో బిట్ దాదాపు 6 డీబీ (డెసిబెల్స్) డైనమిక్ రేంజ్, అంటే అతి పెద్ద శబ్దానికీ నాయిస్‌కీ మధ్య ఎడం, ఇస్తుంది. 16 బిట్లకు 98 డీబీ, 12 బిట్లకు 74. డితర్ (బిట్లు కోసే ముందు కావాలనే కలిపే సన్నటి నాయిస్) వేస్తే అందులో ఓ 5 డీబీ పోతుంది. శుభ్రంగా ఉన్న మంచి ఎల్పీకి ఎంత లేదన్నా 60, 70 డీబీ మధ్య ఉంటుంది. అంటే నాయిస్ మోతాదులో రెండూ దగ్గర దగ్గరే. ఆ నాయిస్ ఎలాంటిది, ఎప్పుడు వినబడుతుంది అన్నది ఈ లెక్కలో లేదు. చెవి పట్టుకునేది మాత్రం దాన్నే.

చాలా బిట్‌క్రషర్లలో డితర్ ఉండదు. డితర్ లేకుండా కోస్తే మిగిలే తప్పు పాటనే అంటిపెట్టుకుని నడుస్తుంది. దాన్ని డిస్టార్షన్ అనాలి. వీణ తీగ మీటి వదిలారనుకోండి. నాదం సన్నబడే కొద్దీ గరగర ఎక్కువై, చివర్లో చటుక్కున తెగిపోతుంది. రికార్డు మీద ఇలా జరగదు. పాట ఆగినా ముల్లు గాడిలోనే ఉంటుంది కాబట్టి బుస ఆగదు.

డితర్ వేస్తే గరగర పోయి నిలకడైన బుస వస్తుంది. అదీ వినైల్ బుసలా ఉండదు. 1954 నుంచి అమల్లో ఉన్న ఆర్ఐఏఏ కర్వ్ అనే రికార్డుల ప్రమాణం ప్రకారం రికార్డు మీద గాడి కోసేటప్పుడు బేస్ తగ్గించి ట్రెబుల్ పెంచుతారు, వాయించేటప్పుడు ఫోనో ప్రీయాంప్ (ప్లేయర్ సిగ్నల్‌ను పెంచే పరికరం) దాన్ని తిరగేస్తుంది. 20 హెర్ట్జ్ దగ్గర 19 డీబీ పెరుగుతుంది, 10 కిలోహెర్ట్జ్ దగ్గర దాదాపు 14 డీబీ తగ్గుతుంది. గాడి నుంచి పుట్టిన నాయిస్ కూడా ఇందులోంచే పోవాలి. అందుకే అది పైన మెత్తగా, కింద గురగురమంటూ ఉంటుంది. డితర్ బుస అన్ని ఫ్రీక్వెన్సీల్లోనూ ఒకే మట్టం.

అపోహ: పాత హిప్‌హాప్ బీట్లు 12 బిట్ల మెషీన్ల మీద చేశారు. వాటిలో వినైల్ ఫీల్ ఉందిగా!

వాస్తవం: ఉంది, ఎందుకంటే అందులోకి ఎక్కించింది వినైల్ రికార్డులనే. 1987లో వచ్చిన ఇ-ము ఎస్‌పీ-1200 అనే శాంపిలర్ (శబ్దం ముక్కల్ని ఎక్కించుకుని వాయించే మెషీన్) శాంపిల్ రేటు, అంటే సెకనుకు శబ్దాన్ని కొలిచే సార్లు, 26.04 కిలోహెర్ట్జ్, మొత్తం శాంపిలింగ్ సమయం 10 సెకన్లు. అది చాలక 33 స్పీడు రికార్డును 45లో తిప్పి ఎక్కించి, మెషీన్‌లో పిచ్ దించేవాళ్లు. ఆ దించడంలో పుట్టిన ఏలియాసింగే (అసలు శబ్దంలో లేని ఫ్రీక్వెన్సీలు చేరడమే) దాని కరకుదనంలో పెద్ద వాటా. నాకూ ఆ సౌండ్ అంటే ఇష్టమే. అయితే అది శాంపిలర్ సౌండ్.

అపోహ: బిట్లు తక్కువైతే అల మెట్లు మెట్లుగా వస్తుంది.

వాస్తవం: రాదు. డాక్ (అంకెల్ని మళ్లీ శబ్దపు అలగా మార్చే చిప్)లోని ఫిల్టర్ దాటాక బయటికొచ్చేది నున్నటి అలే. బిట్లు తగ్గితే దాని మీద నాయిస్, డిస్టార్షన్ పెరుగుతాయంతే.

అపోహ: బిట్ల సంఖ్యే నాణ్యత.

వాస్తవం: తొలి ఫిలిప్స్ సీడీ ప్లేయర్లలో ఉన్నది 14 బిట్ల డాక్. నాలుగింతల ఓవర్‌శాంప్లింగ్ (శాంపిల్ రేటు పెంచడం), నాయిస్ షేపింగ్ (నాయిస్‌ను చెవికి అందని ఫ్రీక్వెన్సీలకు నెట్టడం)లతో దాన్ని 16 బిట్లకు సరిపడా పనిచేయించారు. ఇంకా తమాషా 2022లో జరిగింది. పూర్తి అనలాగ్ అని అభిమానులు నమ్మిన మొబైల్ ఫిడెలిటీ కంపెనీ ఎల్పీల్లో చాలావాటికి మధ్యలో డీఎస్‌డీ అనే డిజిటల్ కాపీ ఉందని బయటపడింది. డీఎస్‌డీ అంటే ఒక్క బిట్, కాకపోతే సెకనుకు లక్షల్లో శాంపిల్స్. చెవి మీద ఎంతో నమ్మకమున్న శ్రోతలు కూడా ఏళ్ల తరబడి దాన్ని పసిగట్టలేదు.

మరి వినైల్ గుణం ఎక్కడుంది? ఎక్కువగా తిరగడంలో. 33⅓ స్పీడులో ఒక చుట్టుకు 1.8 సెకన్లు. మధ్య రంధ్రం కాస్త పక్కకుంటే పిచ్ ఆ లెక్కనే ఊగుతుంది. అడ్డంగా గీత పడితే టక్కుమనేదీ ఆ లెక్కనే. మీరు కలిపే క్రాకిల్ లూప్ (పదేపదే తిరిగే చిటపటల ముక్క) ఇంకో నిడివిలో ఉంటే రెండూ పొసగవు. ప్లేటు అంచున గాడి సెకనుకు 50 సెంటీమీటర్లు సాగితే, లోపలి చివర 21 దగ్గరికి పడిపోతుంది. చివరి పాటలో ‘స’, ‘ష’లు చిట్లేది అందుకే. ఎడమ కుడి ఛానెళ్లు కొంత కలిసిపోతాయి. ముల్లు ఎగరకుండా బేస్‌ను మోనో చేస్తారు.

నా పద్ధతి చెబుతాను. సెషన్ 24 బిట్లలోనే ఉంచండి. 150 హెర్ట్జ్ కింద మోనో, కొద్దిగా క్రాస్‌టాక్ (ఛానెళ్లు ఒకదాంట్లోకి ఒకటి కలవడం), పిసరంత సెకండ్ హార్మోనిక్ (అసలు ఫ్రీక్వెన్సీకి రెట్టింపుది), నెమ్మదైన పిచ్ ఊగు. ఉపరితల నాయిస్‌ను కంప్రెసర్ (పెద్ద శబ్దాల్ని అణిచే ఎఫెక్ట్) తర్వాతే కలపండి, ముందు కలిపితే కిక్ డ్రమ్ పడినప్పుడల్లా బుస ఎగిరిపడుతుంది. పాట ఆగాక కూడా దాన్ని కొన్ని సెకన్లు నడవనివ్వండి.

ఎవరైనా ‘పాత గ్రామఫోన్ ఫీల్’ అని అడిగితే మాత్రం ముందు ఏ కాలం పాటో కనుక్కోండి. 1950ల తెలుగు సినిమా పాటలు వచ్చింది 78 స్పీడు షెల్లాక్ ప్లేట్ల మీద. అక్కడ స్టీరియో లేదు, పై ఫ్రీక్వెన్సీలు బాగా తక్కువ, చుట్టు 0.77 సెకన్లకే పూర్తవుతుంది. పైన చెప్పిన కొలతలు వాటికి పనికిరావు.